ఎసెన్‌కుల్ అగాయ్ చెప్పే దూరం

కారాకోల్ ఊళ్ళో అందరూ అగాయ్, అంటే మాస్టారు, అని పిలిచే ఎసెన్‌కుల్‌ని అడగకూడని ప్రశ్న ఒకటే. ఇంకా ఎంత దూరం ఉంది అని. ఎక్కడ అడిగినా, ఎప్పుడు అడిగినా ఆయన నోటి నుంచి వచ్చే జవాబు రెండు కిలోమీటర్లే. ఆ మాట నమ్మి పొద్దున్నే ఆయన వెంట పరుగుకు వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళకు గాని ఇల్లు చేరరు.

దూరం తెలియని మనిషైతే జనం సరిపెట్టుకునేవారు. అగాయ్ రోడ్ల శాఖలో ముప్ఫయ్యేళ్ళు కొలతలు తీసి రిటైరైన మనిషి. ఊరి నుంచి కనుమ దాకా ఉన్న కిలోమీటరు రాళ్ళన్నీ ఆయన దగ్గరుండి పాతించినవే. వాటి మీది అంకెల్ని నమ్ముకుని లారీలు నడుస్తున్నాయి. ఆయన మాత్రం ఆ రాళ్ళ పక్క నుంచే, అవి ఎవరివో అన్నట్టు, పరుగెత్తుకుంటూ పోతాడు.

పాల కర్మాగారంలో పాలు పరీక్షించే సైకాల్ ఆయన పరుగు జట్టులో చేరింది మార్చి నెలలో. కాలవల్లో మంచు ఇంకా కరగలేదు. నలభై ఒక్కేళ్ళ సైకాల్‌కు పరుగు మీద ప్రేమకన్నా పంతం ఎక్కువ. అంతకు ముందటేడు ఊరి దగ్గరి సరస్సు ఒడ్డున జరిగే మారథాన్‌లో ఆమె ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర కూలబడింది. వెనకబడ్డవాళ్ళను ఎక్కించుకునే బస్సులో తిరిగొచ్చింది. అప్పటి నుంచి బంధువుల ఇళ్ళలో ఏ విందు జరిగినా, మాంసం పళ్ళెం రావడం ఆలస్యమైతే చాలు, ఆడపడుచు ఆ బస్సు కథ ఎత్తుకుంటుంది. సైకాల్ కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకుందని కిందటి విందులో కొత్తగా కలిపింది.

మొదటి రోజు రెండు కిలోమీటర్లేనని చెప్పి అగాయ్ ఆమెను పదకొండు పరుగెత్తించాడు. వెనక్కి తిరిగేటప్పుడు రాయి మీది అంకె చూపించి సైకాల్ నిలదీసింది. ఆ రాయి పాతినప్పుడు తనకు జ్వరంగా ఉందని చెప్పి ఆయన ముందుకు సాగిపోయాడు.

జట్టులో పళ్ళ డాక్టరు తాలాయ్ ఈ బాధ పడలేక దూరం చూపించే గడియారం కొనుక్కున్నాడు. మొదటి ఉదయమే సరిగ్గా రెండు కిలోమీటర్ల దగ్గర రోడ్డు మధ్య నిలబడిపోయాడు.

"అగాయ్, రెండైంది. గడియారం చెబుతోంది," అన్నాడు.

అగాయ్ నిలబడ్డ చోటే కాళ్ళాడిస్తూ అడిగాడు. "నీ కుర్చీలో కూర్చున్నవాడికి ఏం చెబుతావు నువ్వు?"

"ఏం చెబుతాను?"

"చీమ కుట్టినట్టుంటుంది, ఒక్క నిమిషం అంటావా, అనవా? కిందటేడు నా దవడ పన్ను గంటసేపు పీకావు. నేను గడియారం చూశానా?"

తాలాయ్ ఆ రోజు పద్నాలుగు కిలోమీటర్లు పరుగెత్తాడు.

పరుగు అయ్యాక చేసే పనుల్లో అగాయ్ ఇంకా నిష్ఠగా ఉండేవాడు. జట్టంతా కొండ నుంచి దిగే ఏటిలో నడుము లోతు కూర్చోవాలి. అందులో మంచు కరిగిన నీళ్ళు. ఎంతసేపని అడిగితే రెండు నిమిషాలు. పెదవులు నీలంగా మారాక లేవనిచ్చేవాడు. ఆపైన ఇంటికెళ్ళి కాళ్ళు గోడకు ఆనించి పడుకోవాలి. తినడానికి ఆయన జేబులో ఎండబెట్టిన పెరుగు ఉండలుండేవి. ఉప్పగా, గులకరాళ్ళంత గట్టిగా ఉండే ఆ ఉండ ఒకటి నోట్లో వేసుకుంటే ఐదు కిలోమీటర్ల దాకా కరగదు. పిక్కలు పట్టేయకుండా ఉండాలంటే అదే మందని ఆయన నమ్మకం. నోటి నిండా ఉండ ఉంటే దూరం అడిగేవాళ్ళు తగ్గుతారని తాలాయ్ నమ్మకం.

విశ్రాంతి రోజున విశ్రాంతి తీసుకోకపోతే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఒక ఆదివారం సైకాల్ వాకిట్లో ఉన్ని తివాచీ ఆరేసి కర్రతో దుమ్ము దులుపుతుంటే గేటు మీద నుంచి ఆయన తల కనిపించింది. లోపలికొచ్చి కర్ర లాక్కుని, ఆమెను అరుగు మీద కూర్చోమని సైగ చేశాడు. తివాచీ అంతా తనే దులిపి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గోడవతల నుంచి చూసిన ఆడపడుచుకు వారం రోజులు సరిపడా కబురు దొరికింది.

ఇంత నేర్పిన మనిషి తను మాత్రం మారథాన్‌ను ఒక్కసారైనా నాలుగు గంటల్లోపు ముగించలేదు. ఆరేళ్ళుగా అదే ఆయన కోరిక. ఏటా ముందు వరసలో బయల్దేరడం, చివరికి ఆఖరివాళ్ళతో కలిసి ఈడ్చుకుంటూ రావడం. ఏమైందంటే ఏదో ఒక నొప్పి. రోడ్లు కొలిచినంత సులువు కాదు వాటి మీద పరుగెత్తడమని జట్టులోవాళ్ళు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు.

సెప్టెంబరులో మారథాన్ రోజు వచ్చింది. కొత్త బూట్లు వేసుకోవద్దని, మొదటి పది కిలోమీటర్లు ముసలమ్మలా పరుగెత్తమని సైకాల్‌కు చెప్పి అగాయ్ ముందు వరసలోకి వెళ్ళిపోయాడు. ఆమె ఆయన చెప్పినట్టే చేసింది. ముప్ఫయ్యో కిలోమీటరు పలక దాటినప్పుడు వెనక్కి తిరిగి దాన్ని ఒకసారి చూసుకుంది. ముప్ఫై అయిదు దాటాక తొడలు బిగుసుకుపోయాయి. వెనక ఎక్కడో బస్సు ఇంజను చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమెకు బాగా గుర్తు. నడుస్తూ ఒక తూము దాకా వచ్చి ఆగిపోయింది.

తూము గట్టు మీద ఎసెన్‌కుల్ అగాయ్ కూర్చుని ఆపిల్ తింటున్నాడు. కాళ్ళ దగ్గర తిని పారేసిన ఆపిళ్ళ నడిమి ముక్కలు నాలుగున్నాయి.

"మీరేంటి ఇక్కడ?" అంది సైకాల్.

"కడుపులో నొప్పి," అన్నాడు ఆయన, నములుతూనే.

ఆమె ఆయన పక్కన కూలబడింది. బస్సు వస్తోందని, తను ఎక్కేస్తానని చెప్పింది. తర్వాత అడగకూడదని తెలిసీ అడిగింది. "ఇంకా ఎంత దూరం, అగాయ్?"

"ఆరు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. చివర్లో ఎక్కుడు కూడా ఉంది."

సైకాల్ తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆరు నెలల్లో ఆయన నోట అలాంటి అంకె వినలేదు.

"నిజమా?"

"ఈ తూము కట్టించింది నేనే. ఇక్కడి నుంచి అంగుళం తేడా రాదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకలా చెప్పారు?"

"మార్చిలో నీకు కాళ్ళు బాగానే ఉన్నాయి తల్లీ, భయమే ఎక్కువ. నిజం చెప్తే ఇంటికెళ్ళిపోయేదానివి. ఇప్పుడు కాళ్ళు పోయాయి, కానీ ముప్ఫై ఆరు నడిచొచ్చిన మనిషివి. నీకు అబద్ధం ఎందుకు? లే. ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పరుగెత్తు, తర్వాతి స్తంభం దాకా నడువు."

సైకాల్ లేచింది. అగాయ్ కూడా లేచి ఆమె పక్కన కదిలాడు. బస్సు వాళ్ళ వెనకే, నడిచే వేగంతో, తలుపు తెరుచుకుని వచ్చింది. డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. రెండోసారి సైకాల్ తిరిగి చూడకుండానే తలుపు మూసుకోమంది. ఎక్కుడు దగ్గర ఏడ్చింది, కానీ ఆగలేదు. ఆరు గంటల గడువుకు తొమ్మిది నిమిషాల ముందు ఇద్దరూ గీత దాటారు. ఆడపడుచు అక్కడే ఉంది. మూత తీసి నీళ్ళ సీసా అందించింది.

ఆ తర్వాత జట్టంతా ఒక చెట్టు కింద కూర్చుని, పుల్లగా కారంగా ఉండే చల్లటి నూడుల్స్ గిన్నెలు ముందు పెట్టుకున్నారు. వడ్డిస్తున్నది అగాయ్ భార్య బురుల్, జట్టంతటికీ ఎజే, అంటే అక్క. ఈసారి ఏం నొప్పి అని ఆమె మామూలుగా అడిగింది. కడుపు అని సైకాల్ చెప్పింది.

తాలాయ్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "నా కోసం ఆగిన ఏడాది మోకాలన్నాడే," అన్నాడు.

"అంతకు ముందటేడు నడుము. ఆ ముందు చెవిపోటు," అంది బురుల్ ఎజే. "తూము దగ్గరికొచ్చేసరికి ఏటా ఈయనకి నాలుగు గంటల్లోపు ముగించేంత టైము ఉంటుంది. ఈసారి గంటన్నర కూర్చున్నాడు. మీలో ఆఖరివాళ్ళు వచ్చారని లెక్క చూసుకుంటే గాని లేవడు."

అగాయ్ ఆ మాటలు తన గురించి కానట్టు సరస్సు వైపు చూస్తూ, ఖాళీ అయిన గిన్నె భార్య ముందుకు జరిపాడు.

"ఇది మూడోది," అంది బురుల్ ఎజే. "కడుపు నొప్పన్నావు. వాళ్ళ ముందైనా కాస్త తగ్గించి తిను."

సైకాల్ గరిటె అందుకుని ఆ గిన్నె అంచుదాకా నింపింది.