బెంచీ మీది నుంచి లేవలేదు

మా ఆవిడకు వాంతులు ఆగకపోతే పొద్దున్నే శేరిగూడ నుంచి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. ఎమర్జెన్సీ వార్డులో ఆరు మంచాలూ నిండిపోయాయి. బెంచీ మీదనే సెలైన్ పెట్టారు. మాలాగే బెంచీల మీద ఇంకో తొమ్మిది మంది. అందరికీ ఒక్కతే నర్సమ్మ. పాపం, నీళ్లు తాగడానికైనా ఆగలేదు.

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. ఎంతమంది నర్సులు కావాలో చూడడానికి పెద్దసారు వస్తున్నాడట.

"బాపూ, జర వరండాల కూసోండ్రి. వార్డుల గింత మంది కనబడొద్దంట. సారు పోయినంక రాండ్రి."

మిగతావాళ్లంతా లేచి వరండా వైపు కదిలారు. నేను తల వంచుకునే అన్నాను.

"మేం బయటికి పోతే సారుకు ఆరుగురే కనబడ్తరు. ఒక్క నర్సు చాలంటడు. మేం లేవం."

"గిదేం లొల్లి బాపూ! నన్ను తిడ్తరు."

"ముసలోడు ఇనలేదని చెప్పు."

పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చి కూర్చున్నారు. సారు వచ్చి మంచాలు మాత్రమే లెక్కపెట్టి, ఫైలు మూయబోయాడు. మా ఆవిడ సెలైన్ చెయ్యి పైకెత్తింది.

"సారూ, మేం గూడ పేషెంట్లమే!"

ఆయన మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

ఇంకో నర్సమ్మ వస్తుందో రాదో తెలియదు. కాగితంలో మాత్రం పదహారు మందిమి ఉన్నాం. మిమ్మల్ని బయట కూర్చోమంటే మీరు లేస్తారా?