అల్లుడి కెమెరా, అత్తగారి కోళ్ళు

పోయిన వారం బళ్ళారి బజారులో ఫోనుకు అద్దం మార్పించుకుందామని ఒక షాపులో స్టూలు మీద కూర్చుని ఉంటే, పక్క కౌంటరు దగ్గర కొత్తగా పెళ్ళయినట్టున్న ఒక జంట పెద్ద కెమెరా బేరమాడుతూ కనబడ్డారు. ఆ అబ్బాయి అప్పటికే మనిషి మనిషిలో లేడు, పెట్టెను పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆ అమ్మాయి మాత్రం తెలివైనది. పెట్టె వైపు కాకుండా షాపతని మొహంలోకి చూస్తూ, "అన్నా, ఇది కొన్నాక ఇంకేమన్నా ఖర్చు ఉంటాదా?" అని అడిగింది. అతను ఏమాత్రం తొణక్కుండా, "ఏం ఉండదమ్మా, ఇదొక్కసారే. ఆ పైన ఫోటోలు తీసుకుంటా ఉండేదే" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. దాన్ని దగ్గుగా మార్చబోతే అది తుమ్మయింది. అబద్ధాలు చెప్పడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడని ఇన్నాళ్ళూ నాకొక చిన్న గర్వం ఉండేది. ఆ గర్వం ఆ స్టూలు మీదే దిగిపోయింది.

మీరూ నా ఈడువాళ్ళే గనక మీకు గుర్తుండే ఉంటుంది, రీలు కెమెరాల కాలంలో ఫోటో తీయడమంటే ఊపిరి బిగబట్టే పని. రీలు ఎక్కడ అయిపోతుందోనని పెళ్ళికొడుకును కూడా ఆచితూచి నవ్వమనేవాళ్ళు. అలాంటిది డిజిటల్ కెమెరా వచ్చి, రీలు లేదు, కడిగించే పని లేదు, ఎన్ని తీసినా ఉచితమే అనేసరికి, మొదటిసారి పెళ్ళిభోజనానికి వచ్చినవాడిలా నేను విస్తరి ముందు కూర్చున్నాను. అప్పుడు నాకు తోరణగల్లు ఫ్యాక్టరీలో ఉద్యోగం, బళ్ళారిలో కాపురం. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, చీకటిపడ్డాక దిగేవాణ్ణి. మధ్యలో బతుకులో అందమైనది ఏదో ఒకటి ఉండాలనిపించి కెమెరా కొన్నాను. అది తన చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. దానికొక సంచి కావాలి, నిలబెట్టడానికి మూడు కాళ్ళ స్టాండు కావాలి, దూరానివి చూడాలంటే బాగా పొడవైన లెన్సు కావాలి, తీసినవన్నీ దాచడానికి కంప్యూటరు కావాలి, కంప్యూటరు నిండిపోతే ఇంకో డబ్బా కావాలి. బీరువాలో పై అర ఖాళీ అయింది. "కట్టుకునే చీరలకు చోటు లేదు గానీ, గాజుబుడ్లకు పట్టుగుడ్డ కప్పుతాండాడు" అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ అర తెరిచి చూపించేది. ఇక చుట్టాల ఇళ్ళలో పెళ్ళి అయితే ఫోటోలు తీసే పని నాదే, నాకు పీటా లేదు, విస్తరీ లేదు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక అడుగున మిగిలిన చారు తాగి, నడుము పట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

మా వైపు ఇనుప గనుల ఎర్రదుమ్ము సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకసారి ఫ్యాక్టరీ గేటు బయట బుద్ధి లేక లెన్సు విప్పి మార్చాను. ఆనాటి నుంచి నేను తీసిన ప్రతి ఆకాశంలోనూ నల్లటి చుక్కలు వచ్చేవి. అవి గద్దలని బస్సులో అందరినీ నమ్మించాను. ఒకాయన వాటి జాతి కూడా చెప్పాడు.

కానీ నేను చెప్పదలచుకున్న ఖర్చు ఇవేవీ కాదు.

మా ఆవిడ పుట్టిల్లు కెంచనగుడ్డ. తుంగభద్ర ఒడ్డునే పొలం, వరి పండిస్తారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ నదిని స్నానానికి తప్ప నేను పట్టించుకున్నది లేదు. కెమెరా కొన్నాక ఒకనాటి ఉదయం అక్కడి రాళ్ళ మధ్య నల్లగా, నున్నగా ఏదో తల పైకెత్తి, నన్ను చూసి, నచ్చనట్టు మునిగిపోయింది. అది నీరుకుక్క. కన్నడం వాళ్ళు నీరునాయి అంటారు. ఆ క్షణం నుంచి నాకు కావలసింది ఒక్కటే అయింది. సూర్యుడు అప్పుడే పైకి వస్తుండగా, ఆ నీరుకుక్క రాయి మీద కూర్చుని చేపను రెండు చేతులా పట్టుకుని తింటుండగా, మీసాల మీద నీటిబొట్లతో సహా ఒక్క ఫోటో తీయాలి. అంతే. ఆ ఒక్క ఫోటో కోసం ప్రతి శనివారం సాయంత్రం మోటారుసైకిలు మీద కెంచనగుడ్డ చేరి, ఆదివారం తెల్లవారుజామున ఒడ్డుకు పోవడం మొదలుపెట్టాను.

అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. నేను నది కోసం వెళుతున్నానని నాకు తెలుసు. వాళ్ళింట్లో వాళ్ళకు మాత్రం అల్లుడు వచ్చాడు. అల్లుడు వస్తే కోడి కోయకుండా, మా వైపు ఓళిగలనే బొబ్బట్లు చేయకుండా పంపడం ఆ ఇంటావంటా లేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే అల్లుడికని ఏర్పడిన మర్యాద అది. వారం వారం వచ్చే అల్లుణ్ణి ఆ పద్ధతి పెట్టినవాళ్ళెవరూ ఊహించి ఉండరు. వానాకాలం మొదలయ్యేసరికి మా అత్తగారి గంప కింద సందడి బాగా తగ్గింది. చివరికి నా మోటారుసైకిలు శబ్దం ఊరి మొదట్లో వినబడగానే మిగిలిన కోళ్ళు గడ్డివాము ఎక్కి కూర్చునేవి. ఇది మటుకు నిజం, ఊళ్ళో ఎవరినైనా అడగండి. మాంసం మానేశానని ఒకసారి చెప్పి చూశాను. మా అత్తగారు నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడేవారు కాదు, తలుపు చాటున నిలబడి పిల్లితోనో గోడతోనో అనేవారు. ఆ రోజు పిల్లితో, "పోయిన వారం కూరలో ఉప్పెక్కువైనట్టుండాది, మొగం మీద చెప్పలేక అల్లుడు కూరే మానేసినాడు" అన్నారు. మరుసటి వారం నేను మళ్ళీ కోడి కాలు పట్టుకున్నాను.

ఆయుధపూజ నాడు ఇంకొక సంగతి జరిగింది. కొడవళ్ళు, పార, ట్రాక్టరు, నీళ్ళ మోటారు అన్నీ కడిగి వరసగా పెట్టి, అల్లుడి ఆయుధం ఒక్కదానికే ఎందుకు లోటు చేయాలని, మా అత్తగారు నా కెమెరానూ పీట మీద పెట్టారు. నేను స్నానం చేసి వచ్చేసరికి లెన్సు ముందరి అద్దానికి అడ్డంగా మూడు వేళ్ళ విభూతి, నడుమ కుంకుమ బొట్టు. తుడిచేద్దామని తువ్వాలు తీశాను. ఆవిడ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. నేనూ పక్కన నిలబడి దండం పెట్టాను. ఇంకేం చేస్తాను?

వీటన్నిటికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే, అది మా మామగారి మాట. ఆయన మంచివాడు, కానీ నిద్రలో తప్ప నోరు మూయని మనిషి. అల్లుణ్ణి చీకట్లో ఒంటరిగా ఏటికి పంపడం మర్యాద కాదని మొదటి రోజే నా మూడు కాళ్ళ స్టాండును నాగలిలా భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఒడ్డున స్టాండు పాతగానే దారిన పోయే రైతులు ఆగేవాళ్ళు. మా జిల్లాలో మూడు కాళ్ళ స్టాండు కనబడితే సర్వేవాళ్ళు వచ్చారనే అనుకుంటారు. సర్వే అంటే పొలం పోతుందేమోనని భయం.

"ఏందప్పా ఇది, కొలతలు తీస్తాండారా? యా కంపెనీకి?" అని ఒకాయన దూరం నుంచే అరిచేవాడు.

"కొలతలూ లేవు, కంపెనీ లేదప్పా! మా అల్లుడు నీరుకుక్క పటం తీస్తాండాడు!" అని మామగారు అవతలి ఒడ్డుకు వినబడేలా జవాబు చెప్పేవాడు.

"నీరుకుక్కదా? ఎందుకప్పా? దానికేమన్నా సంబంధం చూస్తాండారా?"

అంతే, నవ్వులు, బీడీలు, పంట కబుర్లు. అవి అయ్యేసరికి సూర్యుడు తాటిచెట్టంత ఎత్తుకు వచ్చేవాడు. నీరుకుక్క సరిగ్గా నేను ఊపిరి బిగబట్టిన క్షణంలో తల పైకెత్తేది, మామగారు సరిగ్గా అదే క్షణంలో "అద్దో! అద్దో అల్లుడా! ఆడ!" అని నా భుజం చరిచేవాడు. నా కంప్యూటరు నిండా నీటి మీద గుండ్రటి అలలే ఉండేవి. ఆ అలల నడుమ ఒకప్పుడు నీరుకుక్క ఉండేదని నేను చెప్పాలి.

నువ్వు రావద్దు మామా అని ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆ మాట నా నోట ఎన్నోసార్లు వచ్చి ఆగింది. ఎందుకంటే శనివారం నాడు ఆయన పెందలాడే తిని, తెల్లారి వేసుకోవడానికి ఉతికిన చొక్కా మంచం కోడుకు తగిలించి పడుకునేవాడని మా ఆవిడ చెప్పింది. ఊళ్ళో ఆయన వయసు వాళ్ళెవరికీ వారం వారం వచ్చే అల్లుడు లేడు. నాకు ఫోటో కావాలి, ఆయనకు తోడు కావాలి. రెండూ ఒకే ఒడ్డున ఒకేసారి కుదిరేవి కావు.

ఒక వారం రెండో పంట నాట్ల పనిలో నీళ్ళలో నిలబడి నిలబడి ఆయనకు మోకాలు వాచింది. లేవబోతే అత్తగారు లేవనివ్వలేదు. నేనొక్కణ్ణే స్టాండు మోసుకుని పోయాను. ఒడ్డున ఎవరూ లేరు. నీళ్ళు రాళ్ళను తాకే చప్పుడు కూడా విడివిడిగా వినబడింది. ఎంతోసేపు కూడా కాలేదు, నీరుకుక్క వచ్చింది. తీరిగ్గా రాయి ఎక్కింది, చేపను పట్టుకుంది, వెలుతురు దాని మీసాల మీద పడింది. విభూతి తుడిచినప్పుడు పడిన గీతల వల్ల ఫోటో నడుమ సన్నటి పొగలాంటిది వచ్చింది గానీ, అది నది మీది మంచు అని ఎవరికైనా చెప్పవచ్చు. నేను అనుకున్నది అనుకున్నట్టు కెమెరాలోకి వచ్చేసింది. కేకలు వేసుకుంటూ ఇంటికి పరిగెత్తాను.

మామగారు మంచం మీద లేచి కూర్చుని, కెమెరా వెనక ఉన్న చిన్న తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎంత బాగుండాది!" అన్నాడు. తరువాత ఆయన ఎప్పుడూ చేయని పని చేశాడు. మౌనంగా ఉండిపోయాడు. చివరికి నా వైపు చూడకుండా, "అయితే నేను రాకపోతే వస్తాదన్నమాట" అన్నాడు.

నేను జీవితంలో ఎన్నో కోతలు కోశాను, చాలావరకు అవసరం లేకుండానే. ఆ పూట మాత్రం ఆలోచించుకునే వ్యవధి కూడా లేకపోయింది. "అదేం మాట మామా! అది రాయి ఎక్కి, నేనొక్కణ్ణే ఉండేది చూసి, చేప తినకుండా అటూ ఇటూ వెతికింది. ఎప్పుడూ వచ్చే పెద్దాయన యాడ అన్నట్టు నా మొగం చూసింది. నువ్వు వస్తావేమోనని ఎదురుచూస్తా కూర్చుంది కాబట్టే నాకు ఫోటో దొరికింది" అన్నాను.

ఆయన తెర వంక మళ్ళీ చూశాడు. "అవునప్పా," అన్నాడు మెల్లగా, "ఈ చూపు ఎవరినో వెతికే చూపే. వచ్చే వారం పోదాం పద. దాన్ని అట్ల నిలబెట్టకూడదు."

ఆ మాటతో నా వన్యప్రాణి ఫోటోగ్రఫీ ముగిసింది. మరుసటి వారం నుంచి ఆయన ఇంకా ముందే లేచేవాడు, ఒడ్డుకు చేరగానే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చినామప్పా అని నీరుకుక్కకు కేక వేసేవాడు. అది మళ్ళీ ఆ రాయి ఎక్కిన పాపాన పోలేదు. నేను మామగారితో ఆ కోత కోసిన నాటి మధ్యాహ్నం సంగతి మాత్రం చెప్పాలి. భోజనానికి కూర్చుంటే మా అత్తగారు తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, పిల్లినీ గోడనూ వదిలేసి, కూర గిన్నె పట్టుకుని నా ముందుకు వంగి, "ఇంకొంచెం ఏసుకో నాయనా" అన్నారు. నాతో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట అది.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది, ఆ తరువాత కొన్నాళ్ళకు అత్తగారూ పోయారు. పొలం మా బావమరిది చూసుకుంటున్నాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ ఒడ్డుకు పోతూ ఉంటాను. రోడ్డు బాగుపడింది, ఫోటోలు తీసేవాళ్ళు తెల్లారేసరికి కార్లలో వచ్చేస్తున్నారు. వాళ్ళ కెమెరాలు క్లిక్కుమని కూడా అనవు. ఒకరితో ఒకరు సైగలతో మాట్లాడుకుంటారు, ఎండ ముదరకముందే కార్లెక్కి సిరుగుప్పలో ఇడ్లీ తిని వెళ్ళిపోతారు. వాళ్ళు తీసే ఫోటోలు నాది కన్నా ఎంతో బాగుంటాయి, ఒప్పుకోవాలి. పొలానికి పోయే రైతులు కూడా వాళ్ళను చూసి ఆగరు. ఏ ఊరు, ఎవరింటికి వచ్చారు, తిన్నారా అని అడిగేవాళ్ళు లేరు, అడిగించుకునే తీరిక వాళ్ళకూ లేదు. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి వేడుకున్నంత నిశ్శబ్దం ఇప్పుడు అక్కడ కావలసినంత ఉంది. నీరుకుక్కలు కూడా ధైర్యంగా రాళ్ళెక్కి కూర్చుంటున్నాయి. నేను ఉత్త చేతులతో నిలబడి వాటిని చూస్తుంటాను గానీ, అంత నిశ్శబ్దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.