లొరెట్టా ఆంటీకి సన్మానం

మొన్న సన్మానానికి బయలుదేరుతూ పాత ట్యాప్ బూట్లు బయటికి తీస్తే తోలూ తుప్పూ కలిసిన వాసన గుప్పుమంది. అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో గడిచిన నా చిన్నప్పటి ఆదివారాలు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

అమ్మ నన్ను కూచిపూడి క్లాసుకు తీసుకెళ్లే దుకాణాల వరసలోనే, పక్క గదిలో లొరెట్టా ఆంటీ ట్యాప్ డ్యాన్స్ నేర్పేది. అడుగున లోహపు రేకులు బిగించిన బూట్లతో, చెక్క నేలమీద పాదాలే తాళం వాయించే నాట్యం అది. గోడకు ఇవతల మా గజ్జెలు, అవతల వాళ్ల బూట్లు. నా చెవులెప్పుడూ అవతలే ఉండేవి. కార్లో నా ఏడుపు భరించలేక ఒకరోజు అమ్మ, "సర్లే, అందులో కూడా జాయిన్ చేస్తాను. హోంవర్క్ మాత్రం స్కిప్ చేశావో, చూడు!" అంది.

చలికాలం వస్తే గుమ్మంలో పైన్ ఆకులు పేరుకునేవి, మా ఊపిరికి అద్దాలు మసకబారేవి, దీపావళికి అమ్మ పంపిన కజ్జికాయల పొడి అందరి మూతులకూ అంటుకునేది. వంటింటి నేలమీద వాళ్ల నాన్న దగ్గర ఈ విద్య నేర్చుకున్న ఆ నల్లజాతి ఆవిడ, కజ్జికాయ నములుతూ, మాకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేది. గదినిండా పిల్లలం ఒకేసారి అడుగులేస్తున్నా, తిరిగి చూడకుండానే నాతో, "ప్రియా, నీ ఎడమ మడమ నిద్రపోతోంది" అనేది.

జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించేనాటికి ఆవిడకు వినికిడి పూర్తిగా పోయింది. చెవిలో పెట్టుకునే మిషన్లూ పనిచేయడం లేదు.

హాల్లో పాత శిష్యులం మా వంతు నాట్యం చేశాక, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. వేదికమీద ఊళ్లో ట్యాప్ నేర్చుకుంటున్న ఇప్పటి పిల్లలు అడుగులు మొదలుపెట్టారు. ఆంటీ వాళ్ల పాదాలకేసి చూస్తూ, తన గొంతు తనకే వినబడక గట్టిగా, "ఎవరు లేటు?" అని అడిగింది.

చెవులు రిక్కించి విన్నాను. నాకు తెలియలేదు. ఆవిడ అరచేతిని నా ఒళ్లోకి తీసుకుని వేళ్లతో ఆ తాళం వేయసాగాను. కాసేపు ఓపికపట్టి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది నీ చెయ్యి, బేబీ. వాళ్ల కాళ్లు కాదు."

ఆవిడకోసమే అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే చుట్టూ చూసి, ఆవిడా లేవబోయింది. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

ఆంటీ మాకు నేర్పిన ఆ పక్క గది ఇప్పుడు పళ్ల డాక్టరు క్లినిక్. చెక్క నేల పీకేసి టైల్స్ వేశారు. పిల్లలందరూ దిగిపోయాక కూడా ఆంటీ ఖాళీ వేదికకేసే చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్దామని నేను చెప్పింది ఆవిడకు వినబడలేదు.