గొడెలీవ్ పిన్ని అనుమానాలు

గొడెలీవ్ పిన్నికి లోకంలో దేని మీదా నమ్మకం లేదు. ఆలు వేపుళ్లవాడు "వేడిగా ఉన్నాయమ్మా" అంటే, ఒకటి విరిచి ఆవిరి చూసి గాని కొనదు. తన పెళ్లిలో వరుడు "ఒప్పుకుంటున్నాను" అంటే, పాదరీ చేత రెండోసారి అడిగించిందట.

గెంట్ నగరం దగ్గర పాతకాలపు తరహాలో బల్లెం పోటీలు నడిపేవాళ్లు ఏరికోరి ఆవిడనే తనిఖీకి పెట్టుకున్నారు. కవచాలు తొడుక్కున్న రౌతులు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి, అవతలివాళ్ల భుజం మీది డాలును బల్లెంతో కొట్టాలి. తగలగానే విరిగేలా బల్లెం కొసకు మెత్తటి చెక్క బిగిస్తారు. ఆ చెక్కను పిన్ని గోటితో గీకేది, వాసన చూసేది, ఓసారి కొరికింది కూడా. శిరస్త్రాణం మూతకు గడియ పడిందో లేదో గరిటెతో కొట్టి చూసేది.

"పడింది పిన్నీ, నేనే వేశాను," అనేవాడు ఏ రౌతైనా.

"నువ్వు వేశావనేగా నా భయం!"

ఆ రౌతుల్లో ఒకరైన లీసెలోట్‌కు ఎన్నో ఏళ్లకు ఫైనల్ దక్కింది. కానీ సెమీఫైనల్లో తగిలిన దెబ్బకు మెడ విసురుగా వెనక్కి వెళ్లి, కళ్లు తిరిగాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే దింపేస్తారు. పైగా "ఆడపిల్ల, తట్టుకోలేకపోయింది" అని నవ్వే నోళ్లకు కొదవలేదు.

ఫైనల్ ముందు పిన్ని రానే వచ్చింది.

"ఏం తిన్నావే?"

"వాఫుల్."

"ఇందాక సూప్ అన్నావు?"

అలా అన్నట్టు లీసెలోట్‌కు గుర్తే లేదు. పిన్ని ఆమె కళ్లలోకి కాసేపు చూసి, వంగి గుర్రం కాలు ఎత్తింది.

"ఈ గుర్రం కుంటుతోంది! ఫైనల్‌కు పనికిరాదు!" అని మైదానమంతా వినబడేలా కేకేసింది.

గుర్రం పెళ్లికొడుకులా నిక్షేపంగా నిలబడి ఉంది. లీసెలోట్‌కు ఒళ్లు మండిపోయింది. ఫైనల్లో తన ప్రత్యర్థి బాల్తజార్ ఈవిడ మేనల్లుడే మరి!

"మీవాడికి కప్పు ఇప్పించడానికేగా ఈ నాటకం?"

"అనుమానించు, మంచి అలవాటే. ముందు గుర్రాన్ని తీసుకుని బండి వెనక్కి రా. పశువుల డాక్టరొచ్చాడు."

ఆ డాక్టరు గుర్రాన్ని దాటుకుని వచ్చి, లీసెలోట్‌ను గడ్డిమోపు మీద కూర్చోబెట్టి, కళ్లలోకి లైటు వేశాడు.

"ఇవాళ ఏం వారం?"

"మీరు చూడాల్సింది గుర్రాన్ని కదండీ?"

"నేను మనుషుల డాక్టర్నమ్మా. పశువుల డాక్టరన్నది ఆవిడ అల్లిన మాటే." లైటు ఆర్పాడు. "తల లోపల అదిరింది. ఇప్పుడు ఇంకో దెబ్బ తగిలితే లేవలేవు."

బండి అవతలికెళ్లి పిన్ని చెవిలో ఏదో చెప్పాడు. అటునుంచి బాల్తజార్ గొంతు వినిపించింది.

"ఏమన్నాడత్తా?"

"నెల్లాళ్లు పరుగెత్తకూడదట. ఎండలో తిరక్కూడదు, ఫోను చూడకూడదు."

"ఎవరు, గుర్రమా?"

"గుర్రమే."

"మరి కప్పు?"

"గుర్రానికి నయమై ఫైనల్ జరిగేదాకా నా బీరువాలో ఉంటుంది."

"అత్తా, గుర్రం ఫోను చూడటమేంటి?"

"ప్రతిదానికీ ఇంత అనుమానమైతే ఎలా బతుకుతావురా!"

బండి వెనక లీసెలోట్ తల పట్టుకుని మరీ నవ్వింది.