తోడు నీళ్లు

1999 ఎండాకాలంలో నన్ను నాందేడ్ నుంచి మాండవి అవతలి ఒక గూడానికి వేసిండ్రు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే యంత్రం నడపాలె. హోదా ఆపరేటర్. చదువు ఏడో తరగతి. రసాయనశాస్త్రం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలలో నేర్చుకున్నదే.

యంత్రమంటే కాగితమంత పలుచని ప్లాస్టిక్ పొరల దొంతర. వాటి రంధ్రాలు కంటికి కనబడవు. కరెంటు పెడితే నీళ్లలోని ఉప్పు కణాలు, అంటే అయాన్లు, చెరో దిక్కు కదులుతయి. ఒక పొర ధన అయాన్లనే పోనిస్తది, పక్క పొర రుణ అయాన్లనే. ఫ్లోరైడ్ రుణ జాతిది. పోయినవి పక్క అరలో చిక్కుతయి, నడిమి అరలో మంచినీళ్లు మిగులుతయి. మధ్యాహ్నాలు ఆ గుయ్‌మనే చప్పుడు పక్కన కూర్చుంటే, మాహూర్ గుడి ముందర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస, ఎవరి తలుపులో వాళ్లు నిదానంగ దాటిపోతున్నట్టే ఉండేది. నీళ్ల లోపల చప్పుడు లేని జాతర.

అందరికంటె ముందు బిందె పట్టుకొచ్చింది గంగవ్వ. బోరింగు నీళ్లకు ఆమె మనుమరాలి పండ్లు గోధుమ చారలు పడ్డయి, మోకాళ్లు వంగుడు షురూ అయింది.

కొన్నాళ్లకు ఆఫీసువాళ్లు ఇండ్లలోని కుండల నీళ్లు పరీక్ష చేయించిండ్రు. ఫ్లోరైడ్ తగ్గాల్సినంత తగ్గలేదు. పొర చినిగింది, మిషిన్ ఇప్పి వాపస్ పంపుదమన్నడు ఇంజనీరు సాబు. యంత్రం నల్లా నీళ్లు శుద్ధంగ ఉన్నయి, చూడుండ్రి అంటే, "నువ్వు నాకు నేర్పుతవా?" అన్నడు. ట్రక్కు మాట్లాడిండ్రు. సాబు అన్న ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతది.

గంగవ్వ ఇంటికి పోయి కూసున్న. ఆమె బిందె దించి, సగం పాత నీళ్లున్న కుండలో కొత్త నీళ్లు పోసింది.

"ఏందవ్వా అది?"

"తోడు, బిడ్డా. పాలకు ఎయ్యమా? నీ మిషిన్ నీళ్లు చప్పగ, సచ్చిన నీళ్లు. పాలకైతె చుక్క సాలు, వీటికి సగం వడితేగాని లేస్తలెవ్వు. గూడెమంత గిట్లనే."

"తోడు ఎక్కడిది?"

"బోరింగుదే. ఇంకెక్కడిది, గోదారిదా?"

తోడు వద్దంటే ఆమె నా నీళ్లే వద్దంటది. వాగు ఒడ్డున చేదబావి ఉండె. పరీక్షిస్తే దానిలో ఫ్లోరైడ్ లేనట్టే. క్రిములు చచ్చే మందు కలిపి, ఆ నీళ్లనే తోడుగ ఎయ్యుమన్న. గంగవ్వ గుక్కెడు తాగి కండ్లు మూసుకున్నది. తెరిచి, "లేసినయి" అన్నది.

ఆమెను చూసి గూడెమంత బావి నీళ్లే తోడు ఎయ్యవట్టిండ్రు. మళ్లీ పరీక్షిస్తే కుండలు శుద్ధంగ వచ్చినయి. ట్రక్కు ఖాళీగ పోయింది. సాబు మాత్రం "పొర రిపేరు చేయబడినది" అని రిపోర్టులో రాసిండు. పొరకు ఏం గాలేదు!

పొర పని పొర కాడనే అయిపోదు. నల్లా కాడ పరీక్షించిన నీళ్లను కుండ కాడ మళ్లీ చూడాలె, పోసేటప్పుడు పక్కన కూసోవాలె. ఆ తర్వాత ఏ ఊరికి వేసినా నేను ముందు చూసింది వంటింట్లో కుండనే.