జీపులో కూర్చున్న జియాలజిస్టు

మా నాయన చాంపియన్ రీఫ్స్ గనిలో దిగి బంగారం తవ్వినాడు. నేను జియాలజీ చదువుకొని, ఆ చుట్టుపక్కల భూమిలో ఇంగా ఏముండాదో చూసే కంపెనీలో చేరినాను. ఈ పొద్దు లోపలి రాయి తీసి చూసేదానికి కొత్త బోరు మొదలైంది. యాడ వేయాలో చూసి సున్నంతో గుర్తు పెట్టింది నేనే.

మిషన్‌కి కర్పూరం వెలిగించి టెంకాయ కొట్టేముందు డ్రిల్లరన్న నా దగ్గరికి వచ్చినాడు. మనిషి మంచోడే.

"మొదటి రాయి బయటికొచ్చేదాకా జీపులో కూర్చోమ్మా. ఆడోళ్లు దగ్గరుంటే భూమి ఒప్పుకోదు."

"గుర్తు పెట్టినప్పుడు ఒప్పుకునింది కదన్నా?"

"అది వేరేమ్మా."

పోయి కూర్చున్నాను. మిషన్ తిరుగుతా ఉంటే శబ్దంలోనే తెలిసింది, రాడ్ వేడెక్కకుండా లోపలికి పంపే నీళ్లు చాలడం లేదని. అరిచినాను, ఆ హోరులో ఎవురికీ వినపడలేదు. దిగబోతే పనోళ్లు వద్దు వద్దని చేతులూపినారు. కాసేపటికే రాడ్ లోపల ఇరుక్కుంది. మిషన్ ఆపేసి, అందరూ ఒకేసారి జీపు తట్టు తిరిగి చూసినారు.

కోపం కూడా రాలేదు నాకు. ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆండర్సన్‌పేటలో ఇంటికొచ్చి అమ్మకు చెప్పినాను. ఆమైనా నా పక్క మాట్లాడుతుందనుకున్నాను. కాఫీ గ్లాసు చేతికిస్తా మెల్లగా అడిగింది: "జీపు ఇంకొంచెం దూరంగా పెట్టుకోలేకపోయినావా?"

రేపు మళ్లీ పోవాల. ఎంత దూరంలో కూర్చుంటే ఆ భూమికి నేను కనపడనో, తెలిసినోళ్లు కొంచెం చెప్పండప్పా.