పరస్కా దించని చెయ్యి

పరస్కా హొలోవాచ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని కెనడా దేశపు ఎడ్మంటన్‌లోని ఉక్రెయిన్ వాళ్ళందరికీ తెలుసు. కానీ ఆ ఏడాది వచ్చిన కోపం వేరు. చర్చి కమిటీ ఓటు వేసి క్రిస్మస్‌ను జనవరి నుంచి డిసెంబరుకు మార్చేసింది. పాత తేదీ మాస్కో వాళ్ళదట, ఇక మనకొద్దట. కమిటీ పెద్ద జెనాన్ ఆమె నడిపే చర్చి పాటల బృందంలోనే మంద్రంలో పాడతాడు. మగవాళ్ళంతా మూకుమ్మడిగా అతని వెంట నడిచారు. ఆడవాళ్ళేమో మా అమ్మలు చేసుకున్న రోజే మాకు పండగ అని మొండికేశారు. నలభై ఏళ్ళుగా ఆమె కూడగట్టిన బృందం ఒక్క ఓటుతో అడ్డంగా చీలింది. పై గొంతులు ఒక పండక్కి, కింది గొంతులు ఇంకో పండక్కి. ఇంటింటి గుమ్మంలో నిలబడి పాడే పండగ పాటకు మాత్రం ఆడవాళ్ళవి రెండు, మగవాళ్ళవి రెండు, నాలుగు గొంతులూ కావాలి.

"తేల్చి చెప్పండమ్మగారూ, మీరెటు?" అని రెండు పక్షాలూ నిలదీశాయి.

"నేను పాట వైపు. మీ క్యాలెండర్లు మీ గోడలకి తగిలించుకోండి."

ఆమె పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, జర్మనీలో ఒక శరణార్థి శిబిరంలో. ఒకే షెడ్డులో రెండు చర్చిల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతికేవాళ్ళు. చర్చి గాయకుడైన ఆమె తండ్రి ఇరువర్గాలనూ లాక్కొచ్చి, పక్కపక్కన నిలబెట్టి ఈ పాటే పాడించాడు. కడుపుకి తిండి లేకపోయినా నాలుగు గొంతులూ ఉండేవి. కెనడా వచ్చాక ఆయన గొంతు పోయింది, శ్రుతిదండం కూతురి చేతికొచ్చింది. పగలు ఫ్యాక్టరీలో జీన్స్ కుట్టేది. సాయంత్రం చర్చి కింది హాల్లో, ఉడుకుతున్న క్యాబేజీ వాసన మధ్య, లారీ డ్రైవర్లకూ పళ్ళ డాక్టర్లకూ పాట నేర్పేది. ఆడదాని చెయ్యి చూసి పాడాలా అని నవ్విన మగవాళ్ళకు పాడించి పాడించి చెమటలు పట్టించింది. చిన్నప్పుడు జెనాన్ గొంతు పగిలి కీచుమంటే, వీణ్ణి తీసెయ్యమని అందరూ అన్నారు. ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు. అందుకే ఇప్పుడు అతని పేరు వింటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

డిసెంబరు పండగ సాయంత్రం మగవాళ్ళు కర్రకు నక్షత్రం కట్టుకుని బయల్దేరారు. పరస్కా ముందే హెచ్చరించింది.

"మీ వంతు మీరు పాడండి. ఆడవాళ్ళ వంతు ఎవడైనా ఎత్తుకున్నాడా, ఈ దండం వాడి నెత్తి మీద మోగుతుంది."

ప్రతి గుమ్మంలోనూ ఖాళీ మంచు వైపు తిరిగి, అక్కడ లేని ఆడవాళ్ళకు శ్రుతి ఇచ్చింది. వాళ్ళ వరసకు చెయ్యి ఊపింది. మగవాళ్ళు కింద భోం భోం అంటూ మిగిలారు. గోధుమలు, తేనె, గసగసాలతో చేసిన కుత్యా పాయసం గిన్నెతో తలుపు తీసిన ఒక ముసలామె తెల్లబోయింది.

"ఇదేం పాటే పరస్కా? మా ఆయన లారీ స్టార్ట్ చేస్తున్నట్టుంది."

జెనాన్ మొహం కందగడ్డయింది. "మా పరువు తియ్యడానికే తీసుకొచ్చారా అమ్మగారూ?"

"అది నువ్వు ఓటేసిన రోజే పోయిందిరా. పద, తర్వాతింటికి."

జనవరి ఆరున, పాత పండగ సాయంత్రం, ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళను తిన్నగా జెనాన్ ఇంటికే నడిపించింది. లోపల టీవీలో హాకీ ఆట అరుస్తోంది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. పాట మధ్యలో ఒకచోట పై గొంతులన్నీ ఆగిపోవాలి, మంద్రం ఒక్కటే లేవాలి. అక్కడ వాళ్ళు ఆగారు. పరస్కా ఖాళీ వైపు చెయ్యెత్తి నిలబడింది. ఏమీ లేవలేదు.

"చలికి చచ్చిపోతున్నాం, అది దాటేద్దాం అమ్మగారూ" అంది పై గొంతుల్లో ఒకతె అయిన హఫియా, పళ్ళు టకటకలాడిస్తూ.

"దాటెయ్యడానికి అదేమన్నా గుంటా? నోర్మూసుకుని నిలబడు."

డెబ్బై ఏడేళ్ళ భుజం లాగేస్తోంది. నాన్న ఆకలితో ఉన్నవాళ్ళ చేత పాడించాడే, కడుపు నిండిన ఈ వెధవల చేత నేను పాడించలేనా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకి ఇంకా కోపమొచ్చింది. చెయ్యి మాత్రం దించలేదు.

లోపల టీవీ ఆగింది. తలుపు తెరుచుకుంది. మేజోళ్ళతో, చేతిలో సగం తిన్న పిజ్జా ముక్కతో జెనాన్ నిలబడ్డాడు. ఆమె చేతి వైపే చూస్తూ తన వరస ఎత్తుకున్నాడు. చిన్నప్పటిలాగే మధ్యలో గొంతు పగిలింది. హఫియా కళ్ళు తుడుచుకుంది.

"ఆపు" అంది పరస్కా. "ఆలస్యంగా అందుకున్నావు. మొదటి నుంచి."

"ఇవాళ మాకు పండగ కాదమ్మగారూ..."

"అడిగానా? బూట్లు తొడుక్కో. మిగతా వెధవలకి ఫోన్ చెయ్. వాళ్ళంతా వచ్చేదాకా ఈ చెయ్యి దించను."